కరకర ఎక్కడ పోతోంది? గ్రనోలాపై పాఠకుల సందేహాలు

ఓట్స్, గింజలు, కాస్త తీపి, కాస్త నూనె కలిపి ఓవెన్‌లో వేయిస్తే గ్రనోలా. చెప్పడానికి ఇంతే. కానీ వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి గోడు ఒకటే: మెత్తబడింది, లేదంటే మాడింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: ఓవెన్‌లోంచి తీసి రుచి చూస్తే మెత్తగా, సాగుతూ ఉంది. ఇంకా వేగలేదేమోనని మళ్లీ పది నిమిషాలు పెట్టాను. చల్లారాక చూస్తే చేదు. ఎప్పుడు తీయాలో ఎలా తెలుస్తుంది?

జవాబు: మీరు మొదటిసారి తీసినప్పుడే అది అయిపోయి ఉంటుందండీ. వేడి మీద గ్రనోలా ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. పాకం సంగతి గుర్తు తెచ్చుకోండి. ఎంత ముదురుపాకమైనా పొయ్యి మీద ఉన్నంతసేపూ జారుతూనే ఉంటుంది, చల్లారాకే పటుక్కున విరుగుతుంది. ఓట్స్ రేకుల మీద పట్టిన తేనె పొర కూడా అంతే. కరకర రావాలంటే లోపలి తడి పోవాలి, పైనున్న తీపి పొర చల్లబడి గాజులా బిగుసుకోవాలి. మొదటి పని ఓవెన్ చేస్తుంది. రెండోది బయట బల్ల మీద, మనం ఏమీ చేయకుండా ఉన్నప్పుడు జరుగుతుంది.

అనుమానంగా ఉంటే ఇలా చూడండి. ట్రే బయటకు తీసి, ఓవెన్ ఆపకుండా, ఒక చెంచాడు గ్రనోలాను చల్లటి స్టీలు పళ్లెంలో పలచగా పరిచి 5 నిమిషాలు ఆగండి. పటపటలాడితే అయినట్టే. పైన విరిగి లోపల సాగుతుంటే ట్రేను మరో 5 నిమిషాలు లోపల పెట్టండి, అంతకు మించి వద్దు. రంగు చూసి పోల్చుకోవాలంటే ఓట్స్‌ను కాదు, బాదం ముక్కను చూడండి: ఒకటి విరిచినప్పుడు లోపలి తెలుపు లేత గోధుమరంగుకు తిరిగి ఉండాలి. లోపల కూడా ముదురు రంగు వచ్చిందంటే చేదు మొదలైనట్టే.

రంగు సరిపోయింది కానీ తడి ఇంకా ఉందనిపిస్తే, ఓవెన్ ఆపేసి, తలుపు సందుగా తెరిచి, 15 నుంచి 20 నిమిషాలు ట్రేను లోపలే వదిలేయండి. మిగిలిన వేడికి తడి పోతుంది, రంగు మాత్రం పెద్దగా మారదు.

ప్రశ్న: ఒక్కో చోట ఒక్కో కొలత రాస్తున్నారు. నమ్మకంగా వచ్చే కొలత, పద్ధతి చెప్పండి.

జవాబు: ఇది 40 × 30 సెంటీమీటర్ల ట్రేకు సరిపోయే కొలత. మీ ట్రే చిన్నదైతే సగం చేసుకోండి, లేదా రెండు వాయిలుగా వేయించండి. ఒకే ట్రేలో కుక్కడం వల్లే సగం గ్రనోలాలు చెడిపోతాయి.

పొడివి: రోల్డ్ ఓట్స్ 300 గ్రాములు, బఠానీ గింజంత ముక్కలుగా తరిగిన బాదం 100 గ్రాములు, గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు కలిపి 80 గ్రాములు, ఉప్పు ముప్పావు టీ స్పూను, దాల్చినచెక్క పొడి ఒక టీ స్పూను.

తడివి: వాసన లేని నూనె 80 మిల్లీలీటర్లు, తేనె 110 గ్రాములు (ఇది కూడా కొలత గ్లాసులో 80 మిల్లీలీటర్లకు అటూఇటూగా వస్తుంది), వెనిలా ఎసెన్స్ ఒక టీ స్పూను. ముందు నూనె కొలిచి, అదే గ్లాసులో తేనె కొలిస్తే చుక్క అంటకుండా జారిపోతుంది.

ఓవెన్‌ను 150 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి, కనీసం 15 నిమిషాలు వేడెక్కనివ్వండి. తేనె, నూనె కలిపి చిన్న మంట మీద తేనె పలచబడేవరకే వెచ్చబెట్టండి, మరగనివ్వొద్దు. వెచ్చటి తేనె రేకులకు సమంగా పడుతుంది. చల్లటి తేనె అయితే నాలుగు చోట్ల ముద్ద కట్టి, మిగతా ఓట్స్ పొడిగా మిగిలిపోతాయి. దించాక వెనిలా వేయండి. పొడి వాటిలో పోసి, అడుగు నుంచి పైకి తెస్తూ రెండు నిమిషాలు కలపండి. పిండి పిండిగా, తెల్లగా ఒక్క రేకు కూడా కనిపించకూడదు.

బేకింగ్ పేపర్ వేసిన ట్రేలో ఒక సెంటీమీటరు మందం మించకుండా పరవండి. 20 నిమిషాలయ్యాక ట్రేను ముందువైపు వెనక్కి వచ్చేలా తిప్పండి. విడివిడిగా రాలే గ్రనోలా కావాలంటే ఇప్పుడే ఒకసారి కలిపి మళ్లీ సమంగా సర్దండి. ఇంకో 15 నుంచి 20 నిమిషాలు. తీశాక ట్రేలోనే 45 నిమిషాల నుంచి గంట వరకు వదిలేయండి. వేడిగా ఉండగా డబ్బాలో పోస్తే ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ గ్రనోలా మీదే పడుతుంది. అంతసేపూ ఓవెన్‌లో పోగొట్టిన తడిని మనమే తిరిగి ఇచ్చినట్టు.

ఎండుద్రాక్ష, ఖర్జూరం ముక్కల్లాంటివి 100 గ్రాముల వరకు, పూర్తిగా చల్లారాకే.

ప్రశ్న: రుచి బాగానే ఉంది కానీ పొడిపొడిగా రాలిపోతోంది. ప్యాకెట్లలో వచ్చేలా పెద్ద పెద్ద ఉండలు ఎందుకు రావడం లేదు?

జవాబు: కలుపుతున్నారు కాబట్టి. ఉండలు కావాలనుకున్న రోజు గరిటె దూరంగా పెట్టండి.

పై కొలతలోనే రెండు మార్పులు చేయండి. 300 గ్రాముల ఓట్స్‌లో 50 గ్రాములు మిక్సీలో పిండి చేసి మిగతా వాటిలో కలపండి. ఈ పిండి తేనెతో కలిసి జిగురవుతుంది, రేకుల మధ్య ఖాళీలను పూడుస్తుంది. రెండోది, ఒక గుడ్డు తెల్లసొనను ఫోర్క్‌తో నురగ వచ్చేవరకు కొట్టి, అన్నీ కలిపాక చివర్లో వేయండి. తెల్లసొనలోని మాంసకృత్తులు వేడికి గట్టిపడి రేకులను పట్టి ఉంచుతాయి. తేనె ఒక్కటే పట్టి ఉంచినప్పుడు గాలిలో తడి తగిలితే ఉండ విడిపోతుంది, తెల్లసొన పట్టు అంత తేలిగ్గా వదలదు. గుడ్డు తినని వారు దాని బదులు రెండు టేబుల్ స్పూన్ల బాదం వెన్న వేసుకోవచ్చు. పట్టు కొంచెం తగ్గుతుంది, అంతే.

ట్రేలో పరిచాక పైన ఇంకో బేకింగ్ పేపర్ వేసి, అడుగు చదునుగా ఉన్న గిన్నెతో గట్టిగా అదమండి. వేలితో నొక్కితే గుంట పడకూడదు. పై కాగితం తీసేసి ఓవెన్‌లో పెట్టండి. 25 నిమిషాలకు అంచులు ముందే ఎర్రబడితే వెడల్పాటి అట్లకాడ అడుగు నుంచి దూర్చి, అంచుల్లోని పలకలను విరగకుండా మధ్యలోకి, మధ్యవి అంచులకు మార్చండి. కలపడం వేరు, చోటు మార్చడం వేరు. మొత్తం 35 నుంచి 40 నిమిషాలు.

అసలు పరీక్ష ఆ తర్వాతే. గంటసేపు ముట్టుకోకూడదు. ట్రే అడుగు చేతికి పూర్తిగా చల్లగా తగిలాక, పలకను రెండు చేతులతో ఎత్తి మీకు కావలసినంత ముక్కలుగా విరవండి. ఆత్రంగా గోరువెచ్చగా ఉన్నప్పుడు విరిస్తే పొడే మిగులుతుంది.

ప్రశ్న: మాది చిన్న ఓటీజీ. అంచులు మాడుతున్నాయి, మధ్యలో పచ్చిగా ఉంటోంది.

జవాబు: చిన్న ఓవెన్లలో కాయిల్ ట్రేకు మరీ దగ్గరగా ఉంటుంది, పైగా చూపించే వేడికి, లోపల ఉన్న వేడికి 10, 20 డిగ్రీల తేడా రావడం మామూలే. ఓవెన్ థర్మామీటరు ఒకటి లోపల పెట్టి చూస్తే నిజం తెలుస్తుంది. ట్రేను మధ్య అరలో పెట్టండి, కింది కాయిల్ మాత్రమే వేయండి. వేడిని 140కి తగ్గించి సమయం ఓ పది నిమిషాలు పెంచండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే రాసిన దానికంటే 20 డిగ్రీలు తగ్గించడం అలవాటు చేసుకోండి. నల్లటి ట్రే వేడిని ఎక్కువ లాగుతుంది, వెండిరంగు ట్రేకన్నా అడుగు ముందే మాడుతుంది. రేకులను అంచుల దగ్గర కాస్త మందంగా, మధ్యలో పలచగా పరవడం కూడా పనిచేస్తుంది.

తొందరగా అయిపోతుందని 180 పెట్టేవారున్నారు. తేనెలో ఫ్రక్టోజ్ అనే చక్కెర ఎక్కువ, అది మామూలు పంచదార కంటే చాలా తక్కువ వేడికే రంగు తిరుగుతుంది. పైన ఎర్రబడే సమయానికి రేకు లోపలి తడి పోయి ఉండదు. మాడిన వాసన, మెత్తటి గ్రనోలా రెండూ ఒకే ట్రేలో దొరికేది అందుకే.

ప్రశ్న: ఇంట్లో ఇన్‌స్టంట్ ఓట్స్ ఉన్నాయి. వాటితో చేయొచ్చా? స్టీల్ కట్ ఓట్స్?

జవాబు: ఇన్‌స్టంట్ ఓట్స్ మరీ పలచగా, చిన్నగా నలిగి ఉంటాయి. తేనెను స్పాంజిలా పీల్చి పిండి ముద్దవుతాయి, కరకర రాదు. స్టీల్ కట్ ఓట్స్ నూక. ఈ పద్ధతిలో అవి ఉడకవు, గులకరాళ్లలా పంటికి తగులుతాయి. రోల్డ్ ఓట్సే కావాలి. ఇన్‌స్టంట్‌వి పారేయనక్కర్లేదు, పైన చెప్పిన 50 గ్రాముల పిండికి వాడేయండి. గ్లూటెన్ పడనివారు మాత్రం గ్లూటెన్ రహితమని స్పష్టంగా రాసి ఉన్న ఓట్సే కొనాలి. ఓట్స్‌లో సహజంగా గోధుమ గ్లూటెన్ లేకపోయినా, పొలంలోనో మిల్లులోనో గోధుమ కలుస్తుంటుంది.

ప్రశ్న: బరువు తగ్గాలనుకుంటున్నాను. నూనె, తేనె సగానికి తగ్గించవచ్చా? అసలు నూనె మానేస్తే?

జవాబు: తగ్గించవచ్చు, కానీ మీరు ఆశిస్తున్న లాభం రాదు. లెక్క చూడండి. పై కొలతలో ఓట్స్ నుంచి దాదాపు 1,150 కిలోకేలరీలు, బాదం నుంచి 580, గింజల నుంచి 450, నూనె నుంచి 650, తేనె నుంచి 335 వస్తాయి. మొత్తం 3,165. తడి పోయాక చేతికొచ్చేది సుమారు 620 గ్రాములు. అంటే 40 గ్రాముల గిన్నెకు 200 పైచిలుకు. ఇప్పుడు నూనె, తేనె సగం చేయండి. మొత్తం 2,670కి దిగుతుంది నిజమే, కానీ గ్రనోలా బరువు కూడా 540 గ్రాములకు పడిపోతుంది. అదే 40 గ్రాములకు మళ్లీ దాదాపు 200! గింజలు, ఓట్స్ వాటా పెరగడం వల్ల ఇలా జరుగుతుంది. తగ్గేది చక్కెర: గిన్నెకు దాదాపు 6 గ్రాముల నుంచి 3 చిల్లరకు వస్తుంది. చక్కెర కోసమైతే తేనె తగ్గించండి. కేలరీల కోసమైతే గిన్నె తగ్గించండి, వంటింటి త్రాసు మీద ఒకసారి 40 గ్రాములు తూచి చూస్తే ఎంత చిన్న గుప్పెడో అర్థమవుతుంది.

నూనె పూర్తిగా మానేస్తే మాత్రం తినడానికి బాగుండదు. నూనె వేడిని రేకంతా సమంగా పాకిస్తుంది, నమిలినప్పుడు గుల్లదనం ఇస్తుంది. అది లేకపోతే గ్రనోలా ఎండుగడ్డిలా పొడిబారుతుంది, లేదా తేనె ఒక్కటే పట్టి పంటికి గట్టిగా అంటుకుంటుంది. 300 గ్రాముల ఓట్స్‌కు 40 మిల్లీలీటర్ల నూనె, 60 గ్రాముల తేనె కింది హద్దు అనుకోండి. అప్పుడు తెల్లసొన తప్పనిసరి. తేనె బదులు మెత్తగా మెదిపిన అరటిపండు వేస్తే తీపి వస్తుంది గానీ నీళ్లు కూడా వస్తాయి: 140 డిగ్రీల దగ్గర దాదాపు గంట పడుతుంది, వారంలోపు తినేయాలి. ఉప్పు జోలికి మాత్రం వెళ్లకండి. ఆ ముప్పావు స్పూను లేకపోతే ఎంత తేనె పోసినా చప్పగానే ఉంటుంది.

ప్రశ్న: తేనె వాడం. పంచదార, మేపుల్ సిరప్?

జవాబు: రెండూ బాగుంటాయి. పైగా వీటిలో ఉండేది ఎక్కువగా సుక్రోజ్ అనే చక్కెర, అది తేనెలోని ఫ్రక్టోజ్ అంతగా గాలిలోని తడిని పీల్చదు. తేమ ఎక్కువున్న రోజుల్లో తేనె గ్రనోలా జిగటబడినా ఇవి నిలుస్తాయి. మేపుల్ సిరప్‌లో మూడో వంతు నీరే కాబట్టి మరో 5 నిమిషాలు ఎక్కువ వేయించండి. పంచదార అయితే 75 గ్రాములకు మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు పోసి కరిగించండి. పలుకు మిగలకుండా కరిగితే చాలు, పాకం పట్టనక్కర్లేదు. ఆ పని ఓవెన్‌లో జరుగుతుంది.

ప్రశ్న: చేసిన రోజు కరకరలాడింది. డబ్బాలో పెట్టిన రెండో రోజుకే మెత్తబడింది. ఎండుద్రాక్ష కూడా రాయిలా అయింది. మూత గట్టిదే.

జవాబు: ఆ రెండూ ఒకే తప్పు నుంచి వచ్చాయి, దొంగ డబ్బా లోపలే ఉన్నాడు. ఎండుద్రాక్షలో ఇంకా 15 శాతం దాకా తడి ఉంటుంది, వేయించిన గ్రనోలాలో దాదాపు ఏమీ ఉండదు. ఒకే డబ్బాలో పెడితే తడి ద్రాక్షలోంచి ఓట్స్‌లోకి పోతుంది. ఇది మెత్తబడుతుంది, అది గట్టిపడుతుంది. ద్రాక్షను గ్రనోలాతో పాటే ఓవెన్‌లో కూడా పెట్టి ఉంటే ఉబ్బి, మాడి, చల్లారాక మరీ రాయి అవుతుంది. పండ్ల ముక్కలను వేరే సీసాలో ఉంచి, తినేటప్పుడు గిన్నెలో కలుపుకోండి. కలిపే ఉంచాలంటే బాగా ఎండినవి ఎంచుకుని వారంలో ముగించండి.

మెత్తబడిన దాన్ని బాగు చేయవచ్చు. పండ్ల ముక్కలు ఏరేసి, 150 డిగ్రీల దగ్గర 6 నుంచి 8 నిమిషాలు వేడి చేసి, ట్రేలోనే చల్లార్చండి.

ప్రశ్న: ఓవెన్ లేదు. పొయ్యి మీద చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు, క్రమం మాత్రం తిరగబడుతుంది. ఓవెన్‌లో తడి, పొడి కలిపి వేయిస్తాం. పొయ్యి మీద విడివిడిగా ఆరబెట్టి చివర్లో కలపాలి. లేకపోతే ఓట్స్ తేనెలోని నీళ్లు తాగి తోలులా సాగుతాయి.

అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న మూకుడులో ఒక వాయికి 150 గ్రాముల ఓట్స్ మించొద్దు. ముందు 50 గ్రాముల బాదం ముక్కలు 4, 5 నిమిషాలు వేయించి, తీసేముందు 40 గ్రాముల గింజలు వేసి, అవి చిటపటలాడగానే పళ్లెంలోకి తీయండి. తర్వాత ఓట్స్, సన్నని మంట మీద గరిటె ఆపకుండా 7, 8 నిమిషాలు. ఒక రేకు నోట్లో వేసుకుంటే పొడిగా విరగాలి. అవి కూడా తీసేసి, అదే మూకుడులో 30 మిల్లీలీటర్ల నూనె, 50 గ్రాముల తేనె, చిటికెడు ఉప్పు వేయండి. మొత్తం నురగ కట్టాక ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు. చల్లటి నీళ్లలో చుక్క వేస్తే గట్టి ఉండ కట్టాలి. అప్పుడు అన్నీ పోసి, రెండు మూడు నిమిషాలు కలిపి, వెంటనే కాగితం మీద పలచగా అదిమి వదిలేయండి. ఓవెన్ దానంత పెద్ద పలకలు రావు, కరకర మాత్రం వస్తుంది.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయర్‌లో?

జవాబు: 140 డిగ్రీలు, 12 నుంచి 15 నిమిషాలు, నాలుగు నిమిషాలకోసారి కదపాలి. బుట్టలో నేరుగా పోయకండి. ఫ్యాన్ గాలికి తేలికపాటి రేకులు ఎగిరి కాయిల్‌కు తగిలి మాడతాయి. కేక్ టిన్నులో అదిమి పెట్టండి. ఖాళీ కాగితం వేసి ముందుగా వేడి చేయడం మరీ ప్రమాదం, అదీ ఎగురుతుంది.

ప్రశ్న: ఎన్నాళ్లు నిలవుంటుంది? పోయినసారి నెల తిరగకుండానే పాత నూనె వాసన వచ్చింది.

జవాబు: గాలి చొరని గాజు సీసాలో, వెలుతురు, వేడి తగలని చోట రెండు మూడు వారాలు. ఫ్రీజర్‌లో మూడు నెలలు. అది గడ్డకట్టదు, తీసి అలాగే తినవచ్చు. అయితే సీసా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే గాలిలోని తడి చల్లటి గింజల మీద నీరై పేరుకుంటుంది. ఎక్కువ చేసుకుంటే వారానికి సరిపడా పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టడం తేలిక.

వాసన వచ్చిందంటే కొవ్వు గాలికి చెడింది. అవిసె గింజల పొడి, అక్రోట్లు అందరికంటే ముందు చెడతాయి. అవిసెను పొడి చేసి కలపకండి, గింజలుగా వేయండి, లేదా తినేటప్పుడు పొడి చల్లుకోండి. కొన్న గింజలను వేసేముందే ఒకటి కొరికి చూడండి. ఒకటి చేదుగా ఉన్నా ఆ సంచి వద్దు. మెత్తబడిన గ్రనోలాను మళ్లీ వేయించవచ్చు గానీ, ఈ వాసన వచ్చిన దాన్ని ఏ ఓవెనూ బాగు చేయదు. పారేయండి.

ప్రశ్న: పది నెలల పాపకు పాలలో నానబెట్టి పెట్టవచ్చా?

జవాబు: తేనె ఉన్నది వద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు. అందులో ఉండే క్లాస్ట్రిడియం బొటులినమ్ బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారు చేయగలవు, గ్రనోలాను వేయించే వేడి ఆ బీజాలను నమ్మకంగా చంపదు. తేనె లేకుండా చేసినా గట్టి పలుకులు, గింజలు గొంతుకు అడ్డుపడతాయి. అయిదేళ్లలోపు పిల్లలకు బాదంలాంటివి పొడి చేసే వాడండి.

ప్రశ్న: మ్యూస్లీ, గ్రనోలా ఒకటేనా?

జవాబు: కాదు. మ్యూస్లీని వేయించరు, తీపి పొర పట్టించరు. స్విట్జర్లాండ్ వైద్యుడు మాక్సిమిలియన్ బిర్చర్ బెన్నర్ 1900 ప్రాంతంలో రోగులకు పెట్టిన పచ్చి ఓట్స్, పండ్ల ఆహారం అది. గ్రనోలా కథ అమెరికాలో 1863లో మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రం డాన్స్‌విల్‌లో ఆరోగ్య కేంద్రం నడిపిన జేమ్స్ కేలబ్ జాక్సన్, గ్రాహం పిండిని (ముతక గోధుమపిండి) కాల్చి, పగలగొట్టి, మళ్లీ కాల్చి 'గ్రాన్యులా' చేశాడు. అదెంత గట్టిదంటే రాత్రంతా పాలలో నానితేగానీ తినడానికి వీలయ్యేది కాదు. తర్వాత వైద్యుడు జాన్ హార్వే కెలాగ్ తన మిశ్రమానికీ అదే పేరు పెట్టి, వివాదం రావడంతో 'గ్రనోలా'గా మార్చుకున్నాడు. మనకిప్పుడున్న తిప్పలు దానికి తలకిందులు: నాననివ్వకుండా ఎలా అని!

ప్రశ్న: అదే అడగాలనుకున్నాను. పాలు పోసిన రెండు నిమిషాలకే మెత్తబడుతోంది.

జవాబు: పొడిపొడి గ్రనోలా అయితే అంతే, ప్రతి రేకూ నేరుగా తడుస్తుంది. పెద్ద ఉండల్లో లోపలి రేకులు ఆలస్యంగా తడుస్తాయి కాబట్టి తెల్లసొన వేసి అదిమిన రకం చేసుకోండి. పాలు చల్లగా ఉండాలి, వేడి పాలు తీపి పొరను వెంటనే కరిగిస్తాయి. గిన్నెలో ముందు పాలు పోసి పైన గ్రనోలా వేసుకోండి. చిక్కటి పెరుగుతో అయితే ఇంకా మేలు, అందులోని నీరు పాలలా పారదు. ఆఖరి చెంచా దాకా కరకర కావాలంటే మాత్రం అంతా ఒకేసారి పోయకుండా, గుప్పెడు గుప్పెడుగా వేసుకోవడమే.